20 మి.లీ. ఆయిలు కచ్చితంగా కొలవడం ఎలా? తైవాన్ స్ప్రేయర్, బ్రష్ కట్టర్ వాడే రైతులకు

నార్పల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉన్న ఒక రైతు మూడు సంగతులు కలిపి అడిగారు. ఆయన దగ్గర వీపున తగిలించుకునే తైవాన్ స్ప్రేయర్ ఒకటి, గడ్డి కోసే బ్రష్ కట్టర్ ఒకటి ఉన్నాయి. రెండూ టూ స్ట్రోక్ ఇంజిన్లే, అంటే పెట్రోలులోనే ఆయిలు కలిపి నడిపేవి. స్ప్రేయర్ విపరీతంగా పొగ కక్కుతోంది, ప్లగ్గు మాటిమాటికీ మసిపట్టి ఆగిపోతోంది. కట్టర్ ఎండాకాలంలో పని మధ్యలో పట్టేసింది, పిస్టన్ మార్చాల్సి వచ్చింది. ఆయిలు కొలవడానికి ఆయన వాడేది ఖాళీ క్వార్టర్ సీసా. లీటరుకు 20 మి.లీ. అంటున్నారు, అంత కొంచెం కచ్చితంగా ఎలా కొలవాలి? ట్యాంకులో పట్టేదే 700 మి.లీ. అయితే దానికి ఎంత పోయాలి? లీటరు పెట్రోలుకు 1 మి.లీ. కలపమని రాసి ఉన్న పెట్రోలు మందును (ఎడిటివ్) దేనితో కొలవాలి? ఇవీ ఆయన ప్రశ్నలు. ట్రాక్టరు డీజిల్ గురించి కూడా చివర్లో ఒక మాట అడిగారు.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే రెండు ఇంజిన్లకూ జబ్బు ఒక్కటేననిపిస్తోంది. ఒకదానిలో ఆయిలు ఎక్కువైంది, రెండోదానిలో తక్కువైంది. ఒకే మనిషి ఒకే సీసాతో కొలిచినా ఇలా రెండు వైపులా తప్పు రావడంలో వింత లేదు. అనంతపురంలో చిన్న ఇంజిన్లు బాగుచేసే షెడ్డు చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. వేరుశనగకు మందు కొట్టే రోజుల్లో షెడ్డుకు వచ్చే స్ప్రేయర్లలో చాలావాటిది ఇదే కథ. వేలు పోసి కొన్న యంత్రం ఒక సిరంజితో తేలిపోయే పని జరగక పాడవుతుంటే నాకు మనసు ఒప్పదు. అందుకే కాస్త పొడుగైనా వివరంగానే చెబుతాను.

ముందు నిష్పత్తి సంగతి తేల్చుకుందాం. కొలత ఎంత బాగున్నా లెక్క తప్పితే లాభం లేదు. యంత్రంతో వచ్చిన పుస్తకంలోగానీ, ట్యాంకు మూత మీదగానీ 1:50 అనో 50:1 అనో రాసి ఉంటుంది. ఆ 50ని చూసి లీటరుకు 50 మి.లీ. అనుకునేవాళ్లు ఎంతోమంది. అసలు అర్థం, పెట్రోలు 50 పాళ్లకు ఆయిలు ఒక పాలు అని. వెయ్యిని 50తో భాగిస్తే 20, కాబట్టి లీటరుకు 20 మి.లీ. అదే పద్ధతిలో 1:40 అయితే 25, 1:30 అయితే 33, 1:25 అయితే 40 మి.లీ. అవుతుంది. లీటరుకు 50 పోశారంటే 1:20 కలిపినట్టు, అంటే కావలసినదానికి రెండున్నర రెట్లు. పొగ రాక ఏమవుతుంది? మీ 700 మి.లీ. ట్యాంకుకు 1:50 లెక్కన 14 మి.లీ., 1:25 లెక్కన 28 మి.లీ. కావాలి. రెండు యంత్రాల పుస్తకాలూ విడివిడిగా చూడండి. తైవాన్ స్ప్రేయర్లలో చాలావాటికి 1:25 లేదా 1:30 అని రాసి ఉంటుంది, కొన్ని కట్టర్లకు 1:50 ఉంటుంది. ఒకే డబ్బాలో కలిపి రెండింటికీ పోస్తున్నట్లయితే ఒకదానికి అన్యాయం జరుగుతున్నట్టే.

ఆయిలు రకాన్ని బట్టి కూడా నిష్పత్తి మారుతుంది. సీసా మీద జాసో ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని గానీ, ఏపీఐ టీసీ అని గానీ నాణ్యత గుర్తు ఉన్న టూటీ (2T) ఆయిలే, అంటే టూ స్ట్రోక్ ఇంజిన్ల కోసం చేసిన ఆయిలే కొనండి. ఎఫ్‌డీకి పొగ, మసి తక్కువ. కొన్ని కంపెనీలు తమ ఆయిలు వాడితే 1:50, బయటి ఆయిలు వాడితే 1:25 అని పుస్తకంలోనే రెండు అంకెలు ఇస్తాయి. బైకుకు పోసే 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిలు మిగిలింది కదా అని దీనిలో కలపకండి. అది మండిపోవడానికి చేసినది కాదు. దానిలోని రసాయనాలు బూడిదై పిస్టన్ తల మీద, సైలెన్సర్ రంధ్రంలో గట్టిగా పేరుకుపోతాయి.

ఇక కొలత. మీ క్వార్టర్ సీసాలో పట్టేది 180 మి.లీ. దానిలో 20 అంటే తొమ్మిదో వంతు. సీసా అడుగు లోపలికి గుంటలా ఉంటుంది, పక్కలు చదునుగా ఉంటాయి, భుజం దగ్గర సన్నబడుతుంది. కాబట్టి ఎత్తును తొమ్మిది భాగాలు చేసి గీత గీసినా ఒక్కో భాగంలో పట్టేది ఒక్కోలా ఉంటుంది. అడుగున మొదటి గీత దాకా కొలిస్తే తక్కువ వస్తుంది, మధ్యలో రెండు గీతల మధ్య కొలిస్తే ఎక్కువ వస్తుంది. ఒకే సీసాతో రెండు వైపులా తప్పు రావడానికి కారణం ఇదే.

అసలు సూత్రం పాత్ర వెడల్పులో ఉంది. 8 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డబ్బాలో 20 మి.లీ. పోస్తే అడుగున 4 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే నిలుస్తుంది. మీ కన్ను ఒక మిల్లీమీటరు తప్పు చదివితే 5 మి.లీ. తేడా, అంటే నాలుగో వంతు పోయినట్టే. అదే 20 మి.లీ.ను 2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో పోస్తే ఆరు సెంటీమీటర్లకు పైగా నిలుస్తుంది. అక్కడ మిల్లీమీటరు తప్పినా తేడా 0.3 మి.లీ. అంతే. కొలవాల్సింది ఎంత ఉందో ఇంచుమించు అంతే పట్టే సన్నటి పాత్ర తీసుకోండి. 14 మి.లీ.కు 20 మి.లీ. సిరంజి, 5 మి.లీ.కు 5 మి.లీ. సిరంజి, 100 మి.లీ.కు 100 మి.లీ. కొలజాడీ. పెద్ద పాత్రలో అడుగు గీతను నమ్ముకోకూడదు.

సిరంజి మందుల దుకాణంలో దొరుకుతుంది. 20 మి.లీ.ది ఒకటి, 5 మి.లీ.ది ఒకటి తెచ్చుకోండి. సూది అక్కర్లేదు, తీసి జాగ్రత్తగా పారేయండి. టూటీ ఆయిలు చిక్కన కాబట్టి చిన్న మొన గుండా లాగడం కష్టంగా ఉంటుంది, తొందరపడితే గాలి బుడగలు వస్తాయి. దానికి ఒక ఉపాయం. సెలైన్ ఎక్కించే గొట్టం జానెడు ముక్క కోసి సిరంజి మొనకు బిగించండి, రెండో కొస ఆయిలు సీసాలో ముంచండి. నెమ్మదిగా లాగండి. చలికాలం తెల్లవారుజామున అయితే సీసాను కాసేపు ఎండలో ఉంచితే ఆయిలు పలచబడి సులువుగా వస్తుంది. కావలసిన గీత కంటే కాస్త ఎక్కువే లాగి, సిరంజిని మొన పైకి ఉండేలా నిలబెట్టి గోటితో రెండుసార్లు తట్టండి. బుడగలు పైకి చేరతాయి. వాటిని ఆయిలు సీసాలోకే నెట్టేస్తూ పిడిని సరిగ్గా 20 గీత మీదకు తీసుకురండి. అప్పుడు గొట్టం ఆయిలుతో నిండి ఉంటుంది. దాన్ని పెట్రోలు క్యాను మీద పెట్టి పిడిని సున్నా దాకా నెట్టితే క్యానులో పడేది 20 మి.లీ. గొట్టంలో మిగిలిన ఆయిలు గురించి ఆలోచించనక్కర్లేదు. మొదలుపెట్టేటప్పుడు ఎంత ఉందో ముగించేటప్పుడూ అంతే ఉంది కదా, లెక్కలోకి రాదు.

సిరంజి చదివేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. నల్లటి రబ్బరు బిరడాకు రెండు వలయాలు కనిపిస్తాయి. మొన వైపు ఉన్న వలయం గోడను తాకే అంచు ఏ గీత మీద ఉందో అదే కొలత. వెనక వలయం చూసి చదివితే తప్పు వస్తుంది. ఇంకో మాట, సిరంజితో పెట్రోలు కొలవకండి. పెట్రోలు లాగితే ఆ రబ్బరు ఉబ్బి బిగుసుకుపోతుంది, రెండోసారికి పిడి కదలదు.

సిరంజి వద్దు, కొలజాడీయే బాగుందంటే అదీ మంచిదే. బడుల ప్రయోగశాలలకు సామాను అమ్మే దుకాణాల్లో 50, 100 మి.లీ. గాజు జాడీలు దొరుకుతాయి. జాడీని సమతలంగా ఉన్న బల్ల మీద పెట్టి, మీరు వంగి కంటిని గీత ఎత్తుకు తెచ్చి చదవాలి. చేత్తో పైకెత్తి చూస్తే జాడీ వంగుతుంది. ఆయిలు ఉపరితలం అంచుల దగ్గర గోడను పట్టుకుని పైకి లేచి, మధ్యలో పల్లంగా కనిపిస్తుంది. ఆ పల్లం అడుగు భాగమే చదవాలి. అయితే జాడీలో అసలు చిక్కు వేరే ఉంది. నీళ్లు పోస్తే మొత్తం కారిపోతాయి, ఆయిలు అలా కాదు. వంచేసిన తర్వాత కూడా గోడలకు ఒక పొర అంటుకుని ఉంటుంది. 100 మి.లీ.లో అది పెద్ద లెక్క కాదుగానీ, 14 మి.లీ.లో ఒకటిన్నర మి.లీ. అంటుకుపోతే పదో వంతు పోయినట్టే. అందుకని జాడీని వంచాక, కలపాల్సిన పెట్రోలులోంచే కొంచెం దానిలో పోసి, తిప్పి, క్యానులో వంపండి. ఇలా రెండుసార్లు కడిగితే ఆయిలు మొత్తం చేరుతుంది. టూటీ ఆయిలుకు నీలమో ఎరుపో ఆకుపచ్చో రంగు వేసి ఉంటుంది కాబట్టి గాజు తేటపడిందా లేదా అనేది కంటికే తెలుస్తుంది.

ఇంతకన్నా తేలికైన దారి, ట్యాంకు ట్యాంకుకూ కలపడం మానేసి ఒకేసారి 5 లీటర్లు కలుపుకోవడం. 1:50 అయితే 100 మి.లీ. ఆయిలు, 1:25 అయితే 200. అంత కొలతలో 2 మి.లీ. అటూ ఇటూ అయినా పట్టించుకోనక్కర్లేదు. 700 మి.లీ. ట్యాంకుకు 14 మి.లీ. కొలిచేటప్పుడు అదే 2 మి.లీ. ఏడో వంతు తప్పు. అయితే ఒక నెలలో వాడేసేంత మాత్రమే కలపండి, కారణం కింద చెబుతాను.

ఆయిలు ఒక్కటే కాదు, పెట్రోలు కూడా కొలతే. బంకులో వంద రూపాయలకో రెండు వందలకో పోయించుకుని లీటరు, రెండు లీటర్లు అనుకుని ఆయిలు పోసేవాళ్లున్నారు. లీటరు ధర వంద దాటి చాలా కాలమైంది, వందకు లీటరు రాదు. కాబట్టి రూపాయల్లో అడగవద్దు, లీటర్లలో అడగండి. నిజానికి మీ దగ్గరలో పెట్రోలును అంతకన్నా బాగా కొలిచే పరికరం ఇంకోటి లేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. దానితో పరీక్షించినప్పుడు 25 మి.లీ.కు మించి తేడా ఉండకూడదని నిబంధన. అనుమానం ఉంటే ఆ పాత్రతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది. ఇంటి దగ్గర లీటరు నీళ్ల సీసాతో కొలిస్తే మాత్రం మోసపోతారు. ఆ సీసా మూతి దాకా నింపితే లీటరు కంటే ఎక్కువ పడుతుంది. పైగా పలుచని నీళ్ల సీసాలో పెట్రోలు ఉంచడం ప్రమాదం. పెట్రోలు కోసం చేసిన గట్టి క్యాను వాడండి, పోయించుకునేటప్పుడు బండి మీదో చేతిలోనో ఉంచకుండా నేల మీద పెట్టండి. స్థిర విద్యుత్తు నిప్పురవ్వ ఎక్కడ పుడుతుందో చెప్పలేం.

ట్యాంకులో ముందు పెట్రోలు పోసి పైన ఆయిలు పోస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. సరిపోదు. ఆయిలు పెట్రోలు కంటే బరువు, అడుక్కు దిగుతుంది. కార్బ్యురేటర్‌కు వెళ్లే గొట్టం నోరు ఉండేదీ అడుగునే. మొదట చిక్కటి ఆయిలు వెళ్లి ప్లగ్గు తడిసిపోతుంది, తర్వాత ఆయిలు లేని పెట్రోలు వెళ్లి పిస్టన్ గీరుకుపోతుంది. వేరే క్యానులో సగం పెట్రోలు పోసి, కొలిచిన ఆయిలు పోసి, మూత బిగించి బాగా కుదిపి, మిగతా పెట్రోలు పోసి మళ్లీ కుదపండి. ట్యాంకులో పోసే ముందు ప్రతిసారీ ఒకసారి కుదపండి. క్యానును అంచు దాకా నింపవద్దు, మన ఎండలకు పెట్రోలు ఉబ్బే చోటు ఉండాలి.

ఎంత కచ్చితంగా ఉంటే చాలు అనేదీ తెలిసి ఉండాలి, లేకపోతే అనవసరమైన భయం పట్టుకుంటుంది. లీటరుకు 20 బదులు 18 పడితే 1:55 అయింది, 22 పడితే 1:45 అయింది. రెండింటికీ ఇంజిన్ ఏమీ అనదు. 10 మి.లీ. పడితే 1:100, అక్కడ ప్రాణం మీదకు వస్తుంది. 40 పడితే పొగ, మసి, ప్లగ్గు బాధ. తప్పు తప్పనిసరైతే ఎక్కువ వైపే తప్పండి, తక్కువ వైపు వద్దు. అయితే ఎంత ఎక్కువ పోస్తే అంత మేలనుకోవడమూ పొరపాటే. ఆయిలు పెరిగినకొద్దీ అదే రంధ్రం గుండా వెళ్లే పెట్రోలు తగ్గుతుంది, మంట కాస్త వేడెక్కుతుంది. ఎండాకాలం పెట్రోలు ఉబ్బితే నిష్పత్తి చెడుతుందేమోనని కొందరు అడుగుతారు. పెట్రోలు పది డిగ్రీల వేడికి ఇంచుమించు ఒక శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు లీటరుకు 15 మి.లీ. దాకా. దానికి కలవాల్సిన ఆయిలులో తేడా 0.3 మి.లీ. దాని గురించి మరిచిపోండి.

మీ కట్టర్ నుంచి తీసేసిన పాత పిస్టన్ ఇంకా ఉంటే చూడండి. నిలువు గీతలు సైలెన్సర్ వైపు ఎక్కువగా, అన్నివైపులా కొద్దికొద్దిగా ఉంటే ఆయిలు తక్కువైన గుర్తు. గీతలు సైలెన్సర్ వైపు మాత్రమే ఉండి, పిస్టన్ తల తెల్లగా కాలినట్టు ఉంటే ఎక్కడో గాలి లీకై మంట వేడెక్కి ఉండవచ్చు. అప్పుడు కొలత సరిచేసినా కొత్త పిస్టన్ నిలవదు. కార్బ్యురేటర్ దగ్గర ప్యాకింగు, క్రాంక్ సీళ్లు కూడా చూపించుకోవాలి.

తూకం వేసే దారి కూడా ఉంది, నాకు అది చాలా ఇష్టం. 0.1 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ తూకం ఉంటే గీతలు చదివే పనే లేదు. టూటీ ఆయిలు మి.లీ.కు ఇంచుమించు 0.87 గ్రాములు తూగుతుంది. 20 మి.లీ.కు 17.4 గ్రాములు, 100 మి.లీ.కు 87 గ్రాములు. మీ ఆయిలుకు కచ్చితమైన అంకె కావాలంటే సిరంజితో 10 మి.లీ. తీసి తూచండి. సిరంజి గీతల మీదే అనుమానం ఉంటే అది కొత్తగా ఉన్నప్పుడే నీళ్లతో చూడండి. 10 మి.లీ. నీళ్లు 10 గ్రాములు ఉండాలి, మన వేడికి తేడా వందకు ఒకటి లోపే. తూకం మీద ఆయిలు మాత్రమే పెట్టండి. పెట్రోలు ఆవిర్ల దగ్గర బ్యాటరీ పరికరాలు వద్దు.

ఇప్పుడు చెప్పేది దయచేసి గట్టిగా పట్టుకోండి. పురుగుమందు సీసాతో వచ్చే కొలకప్పుతో, దాని మూతతో ఆయిలు కొలవవద్దు. ఆయిలు కొలిచిన దానితో మందు కొలవవద్దు. ఆయిలు అంటిన కప్పుతో మందు కలిపితే ఆ జిడ్డు ఆకుల మీద పడుతుంది. కలుపుమందు కొలిచిన కప్పునే చీనీ చెట్ల మందుకు వాడితే లేత చిగుళ్లు పోతాయి. ఒక్కో పనికి ఒక్కో కొలత ఉంచుకుని, రంగు దారమో టేపో చుట్టండి. కలిపిన పెట్రోలును, మిగిలిన ఆయిలును కూల్‌డ్రింకు సీసాలోనో, దగ్గుమందు సీసాలోనో అసలే పోయకండి. ఎర్రగా, నీలంగా మెరిసే ఆ ద్రవం పిల్లల కంటికి షర్బత్తులా కనిపిస్తుంది. పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మరింత ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నోటితో గొట్టం పీల్చి పెట్రోలు తీయడం కూడా ఇందుకే వద్దంటాను.

మీ పక్క తోటల్లో ఫోర్ స్ట్రోక్ కట్టర్లు ఉంటే వాళ్లకు ఇది చెప్పండి. వాటిలో పెట్రోలులో ఆయిలు కలపరు, ఇంజిన్‌లో విడిగా పోస్తారు. కానీ పట్టేది చాలా కొంచెం. హోండా జీఎక్స్ 35లో 100 మి.లీ., జీఎక్స్ 25లో 80 మి.లీ. మాత్రమే. బైకుకు పోసినట్టు చూపుతో పోస్తే 20 మి.లీ. ఎక్కువ పడటం ఎంతసేపు? అప్పుడు ఆయిలు శ్వాసగొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి తన్ని, ఇంజిన్ పొగ వేస్తుంది. పాతది పూర్తిగా వంచి, సిరంజితో కొలిచి పోసి, యంత్రాన్ని సమంగా ఉంచి మూతి దగ్గర మట్టం చూసుకోవాలి.

ఇక లీటరుకు 1 మి.లీ. కలిపే పెట్రోలు మందు. 5 లీటర్ల క్యాను కలుపుతున్నట్లయితే 5 మి.లీ. సిరంజి నిండా ఒకసారి, పని అయిపోయింది. చిన్న ట్యాంకుకే కలపాలంటే 0.7 మి.లీ. కొలవాలి. చుక్కలు లెక్కపెట్టే అలవాటు చాలామందికి ఉంది. 20 చుక్కలు ఒక మి.లీ. అనే లెక్క నీళ్లకు సంబంధించినది. ఆయిళ్లకు తలతన్యత (చుక్కను పట్టి ఉంచే బిగువు) నీళ్లలో సగం కంటే తక్కువ కాబట్టి చుక్క చిన్నగా పడుతుంది. 20 చుక్కలు వేసినా మి.లీ. రాదు. ఇన్సులిన్ సిరంజి వాడవచ్చుగానీ దాని మీద ఉండేవి మి.లీ.లు కాదు, యూనిట్లు. ఎర్ర మూత ఉన్న యూ-40 సిరంజిలో 40 యూనిట్లు ఒక మి.లీ., నారింజ రంగు మూత ఉన్న యూ-100లో 100 యూనిట్లు ఒక మి.లీ. ఏది చేతిలో ఉందో చూడకుండా కొలిస్తే రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

అన్నింటికంటే నమ్మకమైనది పలుచన చేసి కొలవడం. కొలజాడీలో మందు 10 మి.లీ. పోసి, పెట్రోలుతో 100 గీత దాకా నింపి, చిన్న రేకు డబ్బాలో పోసి కుదిపి మూత బిగించండి. ఇప్పుడు దానిలో ప్రతి 10 మి.లీ.లో 1 మి.లీ. మందు ఉంది. 700 మి.లీ. ట్యాంకుకు 7 మి.లీ. చాలు. 0.7 మి.లీ.ను కొలవడం కష్టం, 7 మి.లీ.ను ఎవరైనా కొలుస్తారు. దీనికి 10 మి.లీ. గాజు కొలజాడీయే వాడండి, దీనిలో పెట్రోలు ఉంది కాబట్టి రబ్బరు సిరంజి పనికిరాదు. డబ్బా మీద ఏమిటో, ఎంత పలుచనో, ఎప్పుడు కలిపారో రాసి అంటించండి.

నన్ను అడిగితే మీ రెండు యంత్రాలకూ ఆ మందు అక్కర్లేదు. పెట్రోలు మందుల్లో మసి కడిగేవి కొన్ని, ఆక్టేన్ పెంచేవి కొన్ని ఉంటాయి. ఆక్టేన్ పెంచేవాటిలో ఇనుముతో చేసిన ఫెర్రోసీన్ ఉంటే ప్లగ్గు పింగాణీ మీద ఎర్రటి తుప్పు రంగు పొర పేరుకుని నిప్పురవ్వ పక్కదారి పడుతుంది. మీ ప్లగ్గు ఒకసారి విప్పి చూడండి. నల్లగా తడిగా ఉంటే ఆయిలు ఎక్కువైంది, ఎర్రగా ఉంటే ఆ మందు పని. ఆ డబ్బుతో మంచి ఎఫ్‌డీ ఆయిలు కొనడం మేలని నా అభిప్రాయం.

కలిపినది నెలకు మించి ఉంచవద్దన్నాను కదా. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. మూత సరిగా లేని క్యానులో వానాకాలమంతా ఉంచితే, తేమ ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి. ఆయిలు పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి ఇంజిన్ లాగేది ఆ కింది పొరనే, దానిలో ఆయిలు ఉండదు. మీరు ఎంత కచ్చితంగా కొలిచి ఉన్నా అప్పుడు పిస్టన్ పట్టేస్తుంది. పాత క్యానును గాజు సీసాలో కొద్దిగా వంచి చూస్తే పొరలు విడిపోయింది లేనిది తెలుస్తుంది. విడిపోతే ఇంజిన్‌లో వాడవద్దు. సీజను అయిపోయాక ట్యాంకు వంచేసి, ఇంజిన్ దానంతటదే ఆగిపోయేదాకా నడిపి కార్బ్యురేటర్‌ను ఎండబెట్టి దాచండి.

చివరగా ట్రాక్టరు డీజిల్‌లో టూటీ ఆయిలు కలపాలా అన్నారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) లోపే ఉంటోంది. గంధకం తగ్గించే క్రమంలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడుతనం కొంత పోతుంది కాబట్టి పంపు అరుగుతుందన్న భయం పుట్టింది. కానీ రిఫైనరీలోనే దానికి తగిన మందు కలిపి, అరుగుదల పరీక్షలో లోహం మీద పడే మచ్చ 460 మైక్రాన్లు దాటకుండా చూసి పంపుతారు. కాబట్టి అవసరం లేదు. కామన్ రైల్ ఇంజిన్ (డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో ఇంజెక్టర్లకు పంపేది) ఉన్న కొత్త ట్రాక్టరులో అయితే అసలే పోయవద్దు. ఇంజెక్టర్ శుభ్రం చేసే మందు ఏదైనా కంపెనీ పుస్తకం వాడమని చెప్పి ఉంటే, సీసా మీద రాసిన లీటర్లకు తగ్గ డీజిల్ పోయించుకోబోయే ముందు, ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు మందును ముందుగా పోయండి. పైన బంకు ధార పడినప్పుడు దానంతటదే కలిసిపోతుంది, విడిగా కలిపే పని ఉండదు.